గుడ్డ గుంజినా సర్కారే, కప్పినా సర్కారే: ఇరాన్ ఆడోళ్ల కొట్లాట ఎందుకో తెలుసా?

మొన్న మా మండలంల మీటింగ్ అయినంక ఒక తమ్ముడు ఫోన్ పట్టుకొని నా దగ్గరికి వచ్చిండు. ఇరాన్‌ల ఆడపిల్లలు తల మీది గుడ్డ తీసి మంటల ఏస్తున్న వీడియో అది. ‘‘అన్నా, గక్కడ హిజాబ్ వద్దని పానాలు ఇస్తున్నరు. మన పక్క కర్ణాటకల హిజాబ్ కావాలెనని కాలేజీ గేటు కాడ కూసున్నరు. రెండిట్ల ఏది కరెక్టు?’’ అని అడిగిండు.

రెండూ కరెక్టే అన్న. తప్పించుకుంటున్న అనుకొని నవ్విండు. నా జవాబు అర్థం కావాలంటే ఇరాన్ వందేండ్ల కథ తెల్వాలె. అందుకే ఇది రాస్తున్న.

ఇరాన్ మనకు మరీ పరాయిది గాదు. నిజాం రాజ్యంల 1880ల దాక దఫ్తర్ల భాష ఫార్సీనే. మనం దినాం వాడే సర్కార్, దర్ఖాస్తు, జమీన్, ఆజాదీ అసొంటి మాటలు ఆ భాషకెళ్లి వచ్చినయే.

పోలీసులు గుంజిన గుడ్డ

1906ల ఇరాన్ జనం కొట్లాడి, రాజు మెడలు వంచి రాజ్యాంగం తెచ్చుకున్నరు. మజ్లిస్ అనే పార్లమెంటు పెట్టుకున్నరు. ఆ కొట్లాటల ఆడోళ్లు రహస్య సంఘాలు పెట్టిండ్రు, జాతీయ బ్యాంకు కోసం నగలు అమ్మి పైసలిచ్చిండ్రు. తీరా ఎన్నికల చట్టం రాసేటప్పుడు ఏం చేసిండ్రు? ఓటు లేనోళ్ల లిస్టుల దొంగలు, హంతకుల తోని ఆడోళ్లను సుత పెట్టిండ్రు.

1908ల ఆడ నూనె బావులు బయటపడ్డయి. అప్పటిసంది ఇంగ్లండోళ్ల కన్ను ఆ దేశం మీదనే. 1925ల రెజా ఖాన్ అనే సైన్యపు ఆఫీసర్ తనే రాజై, రెజా షా అయిండు. దేశాన్ని నవీన దేశం చేస్త అన్నడు. బడులు పెట్టిండు, రైలు ఏసిండు. 1936 జనవరిల హిజాబ్ మీద నిషేధం పెట్టిండు. ఒంటి నిండ కప్పుకునే నల్లగుడ్డను ఆడ చాదర్ అంటరు. పోలీసులు నడి బజార్ల ఆడోళ్ల చాదర్లు గుంజిండ్రు, చింపిండ్రు. అప్పట్ల శానా ఇండ్లల్ల తానం గది లేదు, హమామ్‌కు పోవాలె. గా హమామ్‌కు పోవాలన్నా భయమే. ముసలవ్వలు, బీదోళ్ల ఇండ్ల ఆడోళ్లు గడప దాటుడు బంజేసిండ్రు. ఆడోళ్లను బయటికి తెస్త అన్న చట్టమే శానా మందిని ఇంట్ల పెట్టి తలుపేసింది.

ఇంకో ముచ్చట చూడాలె. దానికి ముందే ఈ రాజు సొంతంగ నడిచే మహిళా సంఘాలను మూయించి, తన కనుసన్నల నడిచే సంఘం ఒకటి పెట్టిచ్చిండు. అంటే ఆడోళ్లకు స్వేచ్ఛ ఇస్త గని, వాళ్లు నోరు మాత్రం తెరవొద్దు.

కొడుకు ఇచ్చిన హక్కులు

1941ల ఇంగ్లండు, సోవియట్ సైన్యాలు వచ్చి రెజా షాను దించినయి. ఆయన కొడుకు మహమ్మద్ రెజా గద్దెనెక్కిండు. 1951ల ప్రధాని మొసాద్దెగ్ ‘మా నూనె మాదే’ అని కంపెనీని జాతీయం చేసిండు. 1953 ఆగస్టుల అమెరికా, ఇంగ్లండు గూఢచారి సంస్థలు కుట్ర జేసి ఆయన్ను కూలగొట్టినయి. ఇది పుకారు గాదు. 2013ల బయటికొచ్చిన సొంత కాగితాలల్ల సీఐఏనే ఒప్పుకున్నది.

ఆ తర్వాత షా చేతికి పగ్గాల్లేవు. సావాక్ అనే రహస్య పోలీసులు ఎదురు మాట్లాడినోళ్లను చిత్రహింసలు పెట్టిండ్రు. ఆ షానే 1963ల ఆడోళ్లకు ఓటు ఇచ్చిండు. 1967ల కుటుంబ రక్షణ చట్టం తెచ్చిండు. మొగడు నోటిమాట మీద విడాకులు ఇచ్చుడు ఆగింది, కోర్టుకు పోవాలె. రెండో పెండ్లికి కోర్టు అనుమతి కావాలె. మంచి చట్టమే. ఆడోళ్లు ఏండ్ల తరబడి అడిగిందే. గని మంది కండ్లకు అది షా దానం లెక్క కనిపించింది. షా మీది కోపం ఆ హక్కుల మీదికి సుత మళ్లింది.

1978ల జనం రోడ్ల మీదికొచ్చిండ్రు. ఎన్నడూ తల కప్పుకోని చదువుకున్న ఆడోళ్లు సుత శానా మంది షాకు ఎదురు నిలబడుడు కోసం చాదర్ ఏసుకొని ఊరేగింపులకు పోయిండ్రు. గుర్తు పెట్టుకోండ్రి, వాళ్లంతట వాళ్లే ఏసుకున్నరు.

‘‘ఇప్పుడు గాదు, తర్వాత’’

1979 ఫిబ్రవరిల షా రాజ్యం కూలింది. ఆ నెలలనే కుటుంబ రక్షణ చట్టాన్ని పక్కన పెట్టిండ్రు. మార్చి 7న ఖొమైనీ, దఫ్తర్లల్ల పనిచేసే ఆడోళ్లు హిజాబ్ ఏసుకోవాలె అన్నడు. తెల్లారితే మార్చి 8, మహిళా దినం. మంచు పడుతుంటే టెహ్రాన్‌ల వేల మంది ఆడోళ్లు బజార్లకొచ్చిండ్రు. ఎనకకు పోనీకి మేం విప్లవం చెయ్యలే అని నినదించిండ్రు. గుంపులు వచ్చి వాళ్లను కొట్టినయి. నెత్తికి గుడ్డా, నెత్తికి దెబ్బా, ఏది కావాలె అని బెదిరించినయి. అయినా వాళ్లు రోజుల తరబడి తిరిగిండ్రు. సర్కారు ఒక అడుగు ఎనకకేసింది.

గప్పుడు వామపక్షాలు, ప్రజాస్వామ్య పార్టీలు శానా వరకు వాళ్ల ఎంట నిలబడలే. అసలు దుష్మన్ అమెరికా, ఇప్పుడు గుడ్డ ముచ్చట ఎందుకు అన్నరు. నేను సుత ఉద్యమాలల్ల తిరిగినోన్నే. ఆ మాట మా మీటింగులల్ల ఎన్నిసార్లు ఇన్ననో లెక్కలేదు. ఒకటి రెండు సార్లు నేనే అన్న.

తర్వాత ఏమైంది? 1980ల సర్కారు దఫ్తర్లల్ల హిజాబ్ తప్పనిసరి. 1983ల ఆడోళ్లందరికీ చట్టమే వచ్చింది, ఏసుకోకుంటే 74 దాక కొరడా దెబ్బలు. అదే 1983ల తూదే అనే కమ్యూనిస్టు పార్టీని నిషేధించిండ్రు. 1988ల జైళ్లల్ల వేల మంది రాజకీయ ఖైదీలను చంపిండ్రు. వాళ్లల్ల వామపక్షాలోళ్లు సుత ఉన్నరు. తర్వాత చూద్దాం అన్నోళ్లకు ఆ తర్వాత అనేది రానేలేదు.

మాట గుడ్డతోని ఆగలే. కోర్టుల ఆడమనిషి సాక్ష్యం చాన కేసులల్ల మొగోని సాక్ష్యంల సగం. పెండ్లైన ఆడామె పాస్‌పోర్టుకు మొగడు ఒప్పుకోవాలె. షిరిన్ ఎబాది అనే జడ్జిని, ఆడామె తీర్పు చెప్పొద్దని కుర్చీ దించిండ్రు. ఆమె వకీలై కొట్లాడి 2003ల నోబెల్ శాంతి బహుమతి తీసుకున్నది.

జిన్, జియాన్, ఆజాదీ

2022 సెప్టెంబర్‌ల మహ్సా జీనా అమినీ అనే 22 ఏండ్ల కుర్దు పిల్ల టెహ్రాన్‌కు వచ్చింది. హిజాబ్ సరిగ్గ లేదని నైతిక పోలీసులు పట్టుకపోయిండ్రు. మూడు రోజులకు దవాఖానల పానం పోయింది. సొంతూరు సఖ్ఖెజ్‌ల మట్టి చేసేటప్పుడు ఆడోళ్లు తలగుడ్డలు తీసి ‘జిన్, జియాన్, ఆజాదీ’ అన్నరు. స్త్రీ, జీవితం, స్వేచ్ఛ అని అర్థం. అది కుర్దుల ఉద్యమంల పుట్టిన నినాదం. దేశమంత పాకింది. బడి పిల్లలు వచ్చిండ్రు, ఈసారి మొగపిల్లలు సుత ఎంట నిలబడ్డరు. 500 మందికి పైనే సచ్చిపోయిండ్రని మానవ హక్కుల సంఘాలు లెక్క జెప్పినయి. కొందరు పోరగాండ్లను ఉరి తీసిండ్రు. 2023ల నోబెల్ శాంతి బహుమతి వచ్చిన నర్గెస్ మొహమ్మదీ అప్పుడు ఎవిన్ జైల్లనే ఉన్నది. ఆమె కవల పిల్లలు పోయి తీసుకున్నరు.

2025 జూన్‌ల ఇజ్రాయెల్ ఇరాన్ మీద బాంబులు ఏసింది. ఆ దేశ ప్రధాని నెతన్యాహు అదే ‘స్త్రీ, జీవితం, స్వేచ్ఛ’ నినాదం పలికిండు. అదే నెల 23న ఎవిన్ జైలు మీద బాంబులు పడ్డయి. ఖైదీలు, వాళ్లను చూడొచ్చినోళ్లు సచ్చిపోయిండ్రు. స్వేచ్ఛ ఇస్తమని పైకెళ్లి వచ్చినోళ్లు 1953ల ఏం చేసిండ్రో ఇరానోళ్లు ఇంక మర్చిపోలే.

ఇగ తమ్ముడు అడిగిన ముచ్చట. 1936ల సర్కారు గుడ్డ గుంజింది, 1983ల సర్కారు గుడ్డ కప్పింది. రెండుసార్లు ఆడోళ్లను అడిగినోడు లేడు. 2022ల కర్ణాటక సర్కారు ఉత్తర్వుతోని కాలేజీల హిజాబ్ తీస్తేనే లోపలికి అన్నరు, గక్కడ సుత ఆ పిల్లలను అడగలే. టెహ్రాన్‌ల తీసేస్త అన్న పిల్ల, ఉడుపిల ఉంచుకుంట అన్న పిల్ల అడుగుతున్నది ఒక్కటే: నా ఒంటి మీద ఏముండాలెనో నేను చెప్త.

గందుకే తమ్ముళ్లారా, ఆ వీడియో ఒక మతాన్ని తిట్టనీకి వస్తే ఫార్వర్డ్ చెయ్యకుండ్రి. ఆ ఆడోళ్లు పానాలు ఇచ్చింది గందుకు గాదు. ఇంకో మాట. మీ సంఘంల ఒక చెల్లె లేసి తన బాధ చెప్తే, ముందు భూమి ముచ్చట, కొలువుల ముచ్చట కానీయి, నీది తర్వాత చూద్దాం అని ఎవరన్న అంటరు. గప్పుడు 1979 మార్చి 8 యాదికి తెచ్చుకోండ్రి. ఆమెను మాట్లాడనియ్యుండ్రి.