పచ్చని మాటలు

ఈ మధ్య మా యింటికి వచ్చే సరుకులన్నిటికీ ఒక్కసారిగా భూమాత మీద భక్తి పుట్టుకొచ్చింది. సబ్బుపెట్టె మీద ఆకు బొమ్మ. అగ్గిపెట్టె మీద చెట్టు. గిన్నెలు తోమే పొడి మీద "ప్రకృతికి మిత్రుడు" అన్న ముద్ర! "ఏ విధంగా మిత్రుడండీ?" అని మా ఆవిడ అడిగింది. పొట్లం నాలుగు వైపులా వెతికాను. జవాబు లేదు, ధర మాత్రం వున్నది.

వ్యాపారస్థులు తాము చేసిన మంచిని చెప్పుకోవడం తప్పేమీ కాదు. చెప్పకపోతే మనకు తెలిసే దారేది? చిక్కల్లా చేసినది గోరంత, చెప్పుకొనేది కొండంత అయినప్పుడే. 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికన్ దీనికి "గ్రీన్‌వాషింగ్" అని పేరు పెట్టాడు. గోడ మరకలకు సున్నం కొట్టినట్లు, తప్పులకు పచ్చరంగు కొట్టడమన్నమాట. భూమిని కాపాడటానికి తువ్వాళ్ళు మళ్ళీ వాడండని హోటలువారు పెట్టిన చీటీ చూసి ఆయనకీ మాట తట్టింది. అందులో హోటలువారికి మిగిలే చాకలి ఖర్చు మాట చీటీలో వుండదు గదా!

ఇంతకంటె పెద్ద కథ ఫోక్స్‌వ్యాగన్‌ది. "శుభ్రమైన డీజిలు" అని చాటి అమ్మిన ఆ కార్లలో, పరీక్షప్పుడు మాత్రం విషవాయువులు తగ్గించే కిటుకు అమర్చారని 2015లో బయటపడింది. ప్రపంచం మొత్తం మీద అటువంటి కార్లు సుమారు 1 కోటి 10 లక్షలు.

ఇందువల్ల మనకు పోయేది డబ్బు ఒక్కటే కాదు. నిజంగా ఖర్చుపెట్టి మురుగునీరు శుద్ధిచేసే ఫ్యాక్టరీ, ఆకు బొమ్మ మాత్రం అచ్చువేసే ఫ్యాక్టరీ మన కంటికి ఒక్కలాగే కనబడితే, రేపు మొదటివారు మాత్రం ఖర్చు ఎందుకు పెడతారు?

మన ప్రభుత్వం 1991లోనే "ఎకోమార్క్" పెట్టి, మట్టికుండను గుర్తుగా ఎన్నుకున్నది. ముందుకు వచ్చిన ఉత్పత్తిదారులు బహు కొద్దిమంది. 2024 అక్టోబరులో వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శక సూత్రాలు వెలువరించింది. "పచ్చనిది", "పర్యావరణానికి మేలు" అని వూరికే అనరాదు. ఆ మేలు సరుకులోనా, తయారీలోనా, పైన చుట్టిన అట్టలోనా అన్నది చెప్పాలి, రుజువూ చూపాలి.

చెప్పే పద్ధతి తెలియాలంటే రిఫ్రిజిరేటరు మీద నక్షత్రాల చీటీ చూడండి. 2006లో మొదలైన పద్ధతి అది. ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో అంకె వేసి వుంటుంది. పొగడ్త ఒక్కటీ వుండదు!

కనుక కొనేటప్పుడు మూడు ప్రశ్నలు వేయండి: మేలు దేనిలో? ఎంత? రుజువేది? "మట్టిలో కలిసిపోయే సంచి" అంటే, ఎటువంటి మట్టిలో, ఎన్నాళ్ళకు అని కూడా అడగండి. ఎరువుగా మారే ప్లాస్టిక్ చాలావరకు తగిన వేడి, తేమ వున్న ఎరువు కేంద్రంలోనే మారుతుంది. వీధి కాలవలో పడితే మామూలు సంచిలాగే నీటికి అడ్డం పడుతుంది.

మోసమని తోస్తే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. వంకాయ పుచ్చో కాదో తిప్పి చూడకుండా బుట్టలో వేయని మన ఆడవారికి, ఈ ఆకు బొమ్మను తిప్పి చూడటం ఒక లెక్కా?