వేడి ఎరువు పెట్టె కొనదగినదేనా?

పుష్యమాసపు తెల్లవారుజామున పల్లెవీధుల్లో నడిచినవారికి పెంటదిబ్బ మీదనుంచి సన్నని ఆవిరి లేవడం పరిచితమైన దృశ్యమే. కొట్టం ఊడ్చి పోసిన పేడ, పశువులు తొక్కి మిగిల్చిన గడ్డి, ఇంటి చెత్త అన్నీ కలిసి ఆ దిబ్బ గర్భంలో కాగుతూ ఉంటాయి. చలికి ఓర్వలేని వీధికుక్క వచ్చి దానిమీదనే ముడుచుకొని పడుకుంటుంది. ఆ కుక్క ఎరిగిన రహస్యాన్నే ఇప్పుడు కొందరు పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. దానిని వేడి ఎరువు పెట్టె అందాము.

ఈ వస్తువు నాకు మొదట తెలిసినది ఇంగ్లండులో కాపురముంటున్న మా మేనకోడలి మూలంగా. ఆమె పెరట్లో ఉన్న పెట్టె చూడడానికి పెద్ద చెత్తకుండీ వలెనే ఉంటుంది. కాని గోడలు మందమైనవి. థర్మోకోలుకు దగ్గరి చుట్టమైన నురుగు ప్లాస్టిక్కుతో చేసినవి. అడుగున గాలి చొరబడడానికి సందు, మూతలో ఆవిరి వెళ్ళిపోవడానికి కవాటం ఉన్నవి. పట్టు 200 లీటర్లు. “మావయ్యా, బయట మంచు కురుస్తూంటే లోపల యాభై డిగ్రీలు దాటింది. మీ బడితోటకు ఒకటి కొనండి” అని ఆమె ఫోనులో ఉత్సాహంగా చెప్పింది. నేను ఆ మాట ఉపాధ్యాయుల గదిలో అన్నాను. అనకుండా ఉండవలసినదేమో! మరునాటికే అది పిల్లల దాకా పోయింది.

మా తోటనిధి అంటే పిల్లలు తోటకూర, గోంగూర కట్టలు కట్టి ఉపాధ్యాయుల ఇళ్ళకు అమ్మి రెండేళ్ళుగా కూడబెట్టిన సొమ్ము. పెట్టె కొంటే అందులో మిగిలేది స్వల్పం. పిల్లల చెమట డబ్బు గనుక కొనవచ్చునా కొనరాదా అని తేల్చే భారం, విజ్ఞానశాస్త్రం చెప్పేవాణ్ణి గనుక, నామీద పడింది.

ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ వేడి ఎక్కడిది? పెట్టెలో నిప్పు లేదు, విద్యుత్తు లేదు. చెత్తలోని చక్కెరను, పిండిని, పీచును సూక్ష్మజీవులు ఆరగించి, ప్రాణవాయువు సాయంతో దహించి, బొగ్గుపులుసు వాయువును, నీటిని విడుస్తాయి. మన శరీరాన్ని వెచ్చగా ఉంచే శ్వాసక్రియ కూడా ఇటువంటిదే. ఉష్ణమానం 40 డిగ్రీలు దాటేసరికి మొదట పనిచేసిన జీవులు తప్పుకొని, వేడిని కోరే మరొక జాతి పనిలోకి దిగుతుంది. 55 డిగ్రీల వేడి మూడు దినాలు నిలిస్తే కలుపు విత్తనాలు, రోగక్రిములు చాలావరకు నశిస్తాయి. 70 దాటితే పనివాళ్ళయిన ఆ సూక్ష్మజీవులే చావడం మొదలు పెడతాయి.

ఈ జీవులకు ఆహారం పాళ్ళు తప్పకుండా అందవలె. నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం ఇరవై అయిదు నుంచి ముప్ఫై పాళ్ళు ఉండడం మేలు. కూరగాయల తొక్కలలో, పేడలో నత్రజని హెచ్చు. ఎండుటాకులలో, వరిగడ్డిలో, రంపపు పొట్టులో కర్బనం హెచ్చు. తొక్కలే పోస్తే కుళ్ళి కంపు కొడుతుంది. పొట్టే పోస్తే నెలల తరబడి అట్లాగే పడి ఉంటుంది. తడి, పిండిన గుడ్డలో ఉన్నంత ఉంటే చాలు. గాలి ఆడవలె. ఇంతవరకు మన రైతులకు చెప్పనక్కరలేదు. పట్టణవాసులు మరచేది మాత్రం పరిమాణాన్ని.

విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చు. మీటరు భుజం గల ఘనాకారపు పోగుకు ఒక ఘనమీటరు ఘనపరిమాణము, ఆరు చదరపు మీటర్ల ఉపరితలము. ముప్ఫై సెంటీమీటర్ల భుజం గల పోగుకో? ఘనమీటరు ఒక్కింటికి ఇరవై చదరపు మీటర్ల ఉపరితలం పడుతుంది. వేడి పుట్టేది లోపలి పదార్థంలో, జారిపోయేది పైతలం గుండా. చిన్నపోగు పుట్టించిన వేడిని పుట్టించినట్లే పారబోసుకుంటుంది. మందపు గోడల పెట్టె ఈ నష్టాన్ని తగ్గిస్తుంది. అంతవరకు దాని గొప్పతనాన్ని ఒప్పుకోవలె.

పెట్టె అనేది లేనినాడే ఈ విద్యకు మన దేశంలో శాస్త్రరూపం ఏర్పడింది. 1924లో ఇండోర్‌లో వెలసిన పరిశోధనశాలలో ఆల్బర్ట్ హోవార్డు, ఆయన సహచరుడు యశ్వంత్ వాడ్ కలిసి చెత్త, పేడ, కొట్టపు మట్టి, బూడిద పొరలుగా పేర్చి, మూడు మారులు తిరగవేసి, మూడు నెలలలో ఎరువు తయారుచేసే పద్ధతిని స్థిరపరచి, 1931లో గ్రంథరూపంగా ప్రకటించారు. లోతు తక్కువ గుంట, మనుషుల చేతులు, నీళ్ళు తప్ప వారికి వేరే సాధనం లేదు. పొరల మధ్య గాలి ఆడినంతకాలం ఆ గుంటలు కాగేవి. అక్కడి పోగులు పెద్దవి గనుక తమ వేడిని తామే కాచుకున్నవి.

ఇక మా పరీక్ష. బడి ఆవరణలో కంచెవలను చుట్టగా బిగించి, నాలుగడుగుల వ్యాసము, అంత ఎత్తు ఉండేటట్లు నిలబెట్టి, రాలిన కానుగ ఆకులు, మధ్యాహ్న భోజనపు వంటశాలలోని కూరగాయల తొక్కలు, పక్క పాడిదొడ్డి నుంచి తెచ్చిన పేడ పొరలుగా నింపాము. మొదటి పోగు చెడిపోయింది. పిల్లలు మిగిలిన అన్నం కూడా అందులో కుమ్మరించారు. అది ముద్దగట్టి గాలిని అడ్డగించింది. మూడవనాటికి పొరుగింటివారు ముక్కు మూసుకొని ప్రధానోపాధ్యాయులవారి దగ్గరకు వచ్చారు. ఆయన ఒక్కమాట అనలేదు గాని, నావైపు చూచిన చూపు ఇంకా జ్ఞాపకమున్నది. అన్నం తీసివేసి, ఎండుటాకులు రెట్టింపు చేసి మళ్ళీ పేర్చాము. నాలుగవ దినాన, చిల్లులుపొడిచిన గొట్టంలో ప్రయోగశాల ఉష్ణమాపకాన్ని దించి చూస్తే 58 డిగ్రీలు చూపింది. పిల్లలు వరుసకట్టి ఒక్కొక్కరే చూచి వెళ్ళారు.

అదే సమయంలో మా ఇంట్లో రెండవ పరీక్ష జరిగింది. నలుగురున్న మా ఇంట తొక్కలు, కాడలు కలిసి దినానికి ఒక కిలో కూడా రావు. వాటిని ఎండుటాకులతో కలిపి, చేపలు రవాణా చేసే థర్మోకోలు పెట్టెకు చిల్లులు పొడిచి, పదిహేను దినాలు వేశాను. లోపలి వేడి బయటి గాలికంటె నాలుగైదు డిగ్రీలకు మించి పెరగలేదు. గోడలు మంచివే, కాచవలసిన వేడి పుట్టనిదే గోడ ఏమి చేస్తుంది? కొన్న పెట్టె ఇంతకంటె దిట్టమైనదే గాని, మా వంటి ఇంటి తొక్కలతో 200 లీటర్లు నిండడానికి నెలలు పడుతుంది. నిండేలోగా అడుగున పోసినది కుంగి చల్లారుతుంది.

వాతావరణం మరొక సంగతి. లోపల 55, బయట 5 డిగ్రీలైతే భేదం 50. మన వేసవిలో బయట 35 ఉంటే భేదం 20 మాత్రమే. వేడి జారే వేగం ఈ భేదాన్ని అనుసరిస్తుంది. మేనకోడలికి అంత మందపు గోడ అవసరమే. లంబసింగి వంటి చలిచోట కాపురమున్నవారికీ ఉపయోగపడవచ్చు. మైదానంలో దానికి పెట్టే డబ్బులో చాలాభాగం, లేని చలిని ఆపడానికి పెట్టే డబ్బే.

అయినా కొనదగినవారు లేరని అనను. పది కుటుంబాలు ఒకే మేడమీద తోట పెంచుకొని, అందరి తొక్కలూ ఒకచోట చేర్చగలిగితే, మట్టినేల లేనిచోట, పందికొక్కుల బెడద ఉన్నచోట, మూతగల పెట్టె మర్యాదైన వస్తువు. ఎవరో ఒకరు ఎండుటాకులు నిలువచేసి, వారానికొకసారి లోపలి తీరు చూడవలె. ఆ ఒక్క మనిషి ఎవరో నిర్ణయించకుండా కొంటే పెట్టె మూలపడుతుంది. ఒంటరి కుటుంబానికి చిల్లులుగల రెండు మట్టికుండలు చాలు. వాటిలో వేడి పుట్టదు, ఎరువు నెమ్మదిగా అవుతుంది, కలుపు విత్తనాలు చావవు. గింజపట్టిన కలుపును, తెగులు మొక్కలను అందులో వేయకపోతే సరి.

తోటనిధిలోనుంచి మరొక చుట్ట కంచెవల, పొడవాటి పిడిగల పళ్ళపార కొన్నాము. మిగిలినది నిధిలోనే ఉన్నది. ఈ సంగతి చెబితే మేనకోడలు, “అయితే మా పెట్టె దండుగ అంటారా మావయ్యా?” అని అడిగింది. “లేదమ్మా, మీ ఊళ్ళో ఉంటే నేనూ కొనేవాణ్ణి” అన్నాను. అది నిజమే. వానలు పట్టుకుంటే మన పోగు తడిసి చల్లారదా అని ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు అడిగాడు. చల్లారుతుంది. పైన కప్పడానికి పాతరేకు ఒకటి వెతుకుతున్నాము.