నిన్నటి నాటకానికి నేటి విమర్శ

సినిమా మీదా, రంగస్థల నాటకం మీదా పత్రికలో విమర్శ రాసేవాడివల్ల మనకొక ప్రయోజనం ఉన్నది. అతడు బాగున్నదంటే టిక్కెట్టు కొంటాం. బాగాలేదంటే ఆ డబ్బుతో హోటల్లో పెసరట్టు తిని ఇంటికి వస్తాం. కాని నిన్న రాత్రి ఒక్కసారి ఆడి, ఇక ఎన్నడూ ఆడబోని నాటకం మీద ఇవాళ ఉదయం విమర్శ రాసేవాణ్ణి ఏమనాలి? చూసినవారు చూసేశారు. చూడనివారికి ఇక చూసే యోగం లేదు. ఇటువంటి పనికి మన పెద్దలు గతజల సేతుబంధనమని పేరు పెట్టారు. నీళ్ళు పోయిన తరువాత కట్ట వేయడమన్నమాట.

అమెరికాలో టెలివిజన్ వచ్చిన తొలి రోజులలో పత్రికా విమర్శకుల ఉద్యోగం అచ్చంగా ఇదే. కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునే నాకు అమెరికా టెలివిజన్‌తో ఏమిటి పని అని మీరు అడగవచ్చు. నాటకం దృశ్యకావ్యమనీ, సహృదయుడు లేనిదే కావ్యానికి సార్థకత లేదనీ నేను ఏటేటా క్లాసులో చెబుతూ ఉంటాను. ఆ సహృదయుడే జీతానికి కుదిరి, కొత్త నాటకాలకూ హాస్య కథలకూ వారం వారం మంచిచెడ్డలు చెబితే ఏమవుతుందన్నది నా కుతూహలం. అది తీరడానికి ఆ కాలపు అమెరికాను మించిన చోటు నాకు కనిపించలేదు.

చీజు కంపెనీవారి నాటకశాల

1950ల తొలి సంవత్సరాలలో అక్కడి టెలివిజన్ నాటకాలు చాలా మటుకు ప్రత్యక్ష ప్రసారాలు. న్యూయార్కు స్టూడియోలో నటులు ఆడుతూ ఉంటే ఆ క్షణానే ఇళ్ళలో జనం చూసేవారు. మాట తడబడినా, తియ్యవలసిన తలుపు రాకపోయినా దిద్దుకునే వీలు లేదు. గంట కొట్టేసరికి నాటకం గాలిలో కలిసిపోయేది. తెర ముందు సినిమా కెమేరా పెట్టి తీసిన మసక బొమ్మలు కొన్నిటికి మిగిలాయి. వాటినే కినెస్కోపులంటారు. చాలా నాటకాలకు ఆ పాటి అదృష్టం కూడా లేదు.

ఈ నాటకాలకు డబ్బు పెట్టేది వ్యాపార సంస్థలు. పేర్లలోనే ఆ సంగతి తెలిసిపోతుంది. చీజు కంపెనీవారిది ‘క్రాఫ్ట్ టెలివిజన్ థియేటర్’. దీన్ని 1947 మే నెలలో ప్రారంభించారు. టైర్ల కంపెనీవారిది ‘గుడ్‌ఇయర్ టెలివిజన్ ప్లేహౌస్’. ఉక్కు కంపెనీవారికి మరొకటి. మన ఊళ్ళో సబ్బుల కంపెనీవారు హరిశ్చంద్ర నాటకం వేయించి, కాటిసీను మధ్యలో తెర దించి సబ్బు గుణగణాలు వర్ణించినట్టు ఊహించుకోండి.

అయినా ఆ చీజుల మధ్యా టైర్ల మధ్యా మంచి నాటకాలు పుట్టాయి. 1953 మే 24న గుడ్‌ఇయర్ వారు పాడీ చయెఫ్‌స్కీ రాసిన ‘మార్టీ’ ఆడారు. మార్టీ మాంసం కొట్టులో పని చేసే బ్రహ్మచారి, వయసు ముదురుతున్నది. తోబుట్టువులందరికీ పెళ్ళిళ్ళయిపోయాయి. కొట్టుకు వచ్చిన ప్రతి ఆడమనిషీ “నీ పెళ్ళెప్పుడు నాయనా?” అని అడిగేదే. తల్లి పోరు పడలేక డాన్సు హాలుకు పోయి, తనలాగే ఎవరికీ పట్టని ఒక టీచరమ్మను కలుసుకుంటాడు. పిల్ల అందగత్తె కాదని స్నేహితులు పెదవి విరుస్తారు. నిన్నటిదాకా పెళ్ళి పెళ్ళి అన్న తల్లికే తీరా పిల్ల కనబడేసరికి, కొడుకు తనకు కాకుండా పోతాడన్న దిగులు పట్టుకుంటుంది. కథ ఇంతే. ఇది బందరులోనో వరంగల్లులోనో జరిగిందంటే ఎవరు కాదంటారు? దీన్నే 1955లో సినిమా తీస్తే, ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రంగా ఆస్కారు బహుమానం వచ్చింది.

మళ్ళీ ఆడమన్నవాడు

‘న్యూయార్క్ టైమ్స్’ పత్రికకు జాక్ గూల్డ్ అనే విమర్శకుడు ఉండేవాడు. 1940ల చివరినుంచి 1972 దాకా టెలివిజన్ మీద రాశాడు. ప్రేక్షకులు చూసే వేళకే తానూ చూసి, వెంటనే తన మాట చెప్పాలి. ఆలోచించుకుని మరోసారి చూద్దామంటే ఆ నాటకం ఇక లేదు.

1955 జనవరి 12 బుధవారం రాత్రి క్రాఫ్ట్ వారు ‘పాటర్న్స్’ అనే నాటకం వేశారు. రాసినవాడు రాడ్ సెర్లింగ్. ముప్ఫయి ఏళ్ళవాడు, రెండవ ప్రపంచయుద్ధంలో పారాచూట్ సైనికుడుగా ఫిలిప్పైన్సులో పోరాడి వచ్చాడు. పేరున్న రచయిత కాడు.

కథ ఒక పెద్ద కంపెనీ ఆఫీసులో నడుస్తుంది. ఒహాయో నుంచి ఒక యువకుణ్ణి పెద్ద ఉద్యోగమిచ్చి న్యూయార్కుకు రప్పిస్తారు. భార్యకు సంతోషం, కొత్త ఇల్లు, కొత్త హోదా. చేరిన కొద్ది రోజులకు అతనికి అసలు సంగతి అర్థమవుతుంది. తనను తెచ్చింది ఒక వృద్ధ ఉద్యోగి స్థానంలో కూర్చోబెట్టడానికి. ఆ వృద్ధుడు మంచివాడు, కంపెనీకి ఏళ్ళ తరబడి సేవ చేసినవాడు. యజమాని అతణ్ణి పొమ్మనడు. నలుగురిలో పదే పదే అవమానించి, తనంత తానే పోయేటట్టు పొగబెడతాడు. ముసలాయన రాజీనామా ఇవ్వలేడు. ఇంటి బాధ్యత ఉన్నది. చివరికి గుండె ఆగి చనిపోతాడు. యువకుడు యజమానిని నిలదీస్తాడు. కాని ఉద్యోగం మాత్రం వదలడు. ఎదిరిస్తూనే ఉంటానని చెప్పి, ఆ కుర్చీలోనే ఉండిపోతాడు. నీతి గెలిచిందా, ఓడిందా? నెలజీతం మీద బతికే ఏ కుటుంబాన్నయినా నిద్రపోనివ్వని ప్రశ్న ఇది.

గూల్డ్ కొద్ది రోజులలోనే దీన్ని మెచ్చుకుంటూ రాశాడు. రచన, నటన, దర్శకత్వం మూడూ పొగిడాడు. అక్కడితో ఆగితే నేను ఆయనను గురించి ఇంత రాసేవాణ్ణి కాను. ఇటువంటి నాటకం ఒక్క రాత్రితో పోరాదనీ, త్వరలోనే మళ్ళీ ఆడి తీరాలనీ అన్నాడు. తక్కిన విమర్శకులూ ప్రేక్షకులూ కూడా మెచ్చారు. సరిగ్గా నాలుగు వారాలకు, ఫిబ్రవరి 9న, ప్రధాన పాత్రధారులు రిచర్డ్ కైలీ, ఎవరెట్ స్లోన్, ఎడ్ బెగ్లీ మళ్ళీ స్టూడియోలో చేరి నాటకాన్ని మొదటినుంచి చివరిదాకా ప్రత్యక్షంగా ఆడారు. టెలివిజన్ నాటకానికి ఇలా జరగడం అదే మొదలని చెబుతారు. మరుసటి ఏడు దాన్ని సినిమాగా తీశారు. సెర్లింగ్‌కు ఎమ్మీ బహుమానం వచ్చింది.

పోయిన నీళ్ళు తిరిగి వచ్చాయి. కట్ట వృథా కాలేదు.

నవ్వు ముందు విమర్శకుడు

అయితే హాస్య కథల దగ్గర విమర్శకుడి మాట ఇలా చెల్లలేదు. 1951 అక్టోబరు 15న ‘ఐ లవ్ లూసీ’ మొదలయింది. లూసిల్ బాల్, ఆమె భర్త డేసీ ఆర్నాజ్ భార్యాభర్తలుగానే నటించారు. దీన్ని ప్రేక్షకుల ఎదుట మూడు కెమేరాలతో సినిమా ఫిలిం మీద తీశారు గనక ఈనాటికీ చెక్కు చెదరకుండా ఉన్నది. కథలో లూసీ గర్భవతి అయినప్పుడు ఆ మాట పైకి అనరాదని కంపెనీవారు ఆంక్ష పెట్టారు. మనవారు “ఆమె వట్టి మనిషి కాదు” అని దాటవేసినట్టే వారూ వేరే మాటతో సరిపెట్టారు. 1953 జనవరి 19న లూసీకి కథలో కొడుకు పుట్టాడు. అదేరోజు లూసిల్ బాల్‌కు నిజంగానే కొడుకు పుట్టాడు. ఆ రాత్రి చూసినవారు సుమారు 4 కోట్ల 40 లక్షలమంది. మర్నాడు ఐసెన్‌హోవర్ అధ్యక్షుడుగా ప్రమాణం చేయడం చూసినవారు 2 కోట్ల 90 లక్షలని లెక్క కట్టారు!

ఇంతమంది చూసేదాన్ని విమర్శకుడు ఏం చేయాలి? గూల్డ్ అదే ఏడు లక్షలమందికి లూసీ మీద ఎందుకు ప్రేమ అనే విషయం మీద ఒక వ్యాసం రాశాడు. తీర్పు చెప్పడం కంటే కారణం వెతకడం మేలని ఆయనకు తోచి ఉంటుంది.

తరువాతి కాలపు విమర్శకులకు అంత ఓర్పు లేకపోయింది. 1962 సెప్టెంబరులో ‘ది బెవర్లీ హిల్‌బిల్లీస్’ వచ్చింది. కొండ ప్రాంతపు మోటు కుటుంబానికి నేలలో నూనె పడి, ధనవంతుల పేటలో కాపురం పెట్టడం కథ. విమర్శకులు దుమ్మెత్తిపోశారు. కొద్ది వారాలలో అది దేశంలోకెల్లా ఎక్కువమంది చూసే కథ అయి కూర్చున్నది. 1971 దాకా నడిచింది. 1961 మే 9న ప్రసార నియంత్రణ సంఘాధ్యక్షుడు న్యూటన్ మినో టెలివిజన్‌ను పెద్ద బీడుభూమితో పోల్చాడు. 1964లో ‘గిలిగన్స్ ఐలండ్’ అనే హాస్య కథ తీసినవారు, అందులో ఒడ్డుకు కొట్టుకుపోయే పడవకు ‘మినో’ అని పేరు పెట్టి బాకీ తీర్చుకున్నారు. నవ్వు వచ్చినవాడితో నవ్వకూడదని వాదించి గెలిచినవాడు లేడు.

ఎవరి ఉప్పు?

మరి విమర్శకుడు నిజంగా ఎక్కడ అవసరం? దీనికి 1959 ఏప్రిల్ 16 నాటి సంగతి ఒకటి చెబుతాను. ఆ రాత్రి ‘ప్లేహౌస్ 90’లో ‘జడ్జిమెంట్ ఎట్ న్యూరెంబర్గ్’ నాటకం. నాజీలు విషవాయువుతో లక్షలమందిని చంపిన దురాగతం మీద విచారణ. డబ్బు పెట్టినవారిలో వంటగ్యాసు వ్యాపారుల సంఘం ఉన్నది. ‘గ్యాస్’ అనే మాట వచ్చినచోట శబ్దం కట్టేశారు. నటుల పెదవులు కదిలాయి, మాట వినపడలేదు. చరిత్రలో అంతటి ఘోరం వ్యాపారానికి అడ్డు వచ్చి మూగదయింది.

డబ్బు పెట్టినవాడు నిజం చెప్పడు. ఆడించినవాడు చెప్పలేడు. నటుడికి మరునాడు వేషం కావాలి. ఈ ముగ్గురి ఉప్పూ తిననివాడు ఒకడు ఉండాలి. పత్రికకు మాత్రం ప్రకటనలు లేవా అంటారేమో, ఉన్నాయి. అంచేతనే పత్రిక తన విమర్శకుడి కలానికి అడ్డు రాకపోవడం చిన్న విషయం కాదంటున్నాను. నా దృష్టిలో విమర్శకుడు ప్రేక్షకులకు పంతులు కాడు. వారి తరఫు వకీలు.

మనకు హైదరాబాదు దూరదర్శన్ 1977లో వచ్చింది. ఇప్పుడు ఇంటింటా రోజూ ఏళ్ళ తరబడి సాగే సీరియళ్ళు ఉన్నాయి. నాటకం ఒక్క రాత్రితో పోయే బెంగ లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. అయినా ఒక్కరోజు ఆడి పోయే సినిమాకు కూడా నాలుగు విమర్శలు వస్తాయి. ఇంటిల్లిపాదీ అన్నం ముందు కూర్చుని చూసే సీరియలుకు వచ్చే విమర్శ అరుదు. ఇది నాకు వింతగా తోస్తుంది.

మార్కులూ చుక్కలూ అక్కరలేదు. గూల్డ్ 1955లో ఏ గీటురాయి మీద చూశాడో, మనమూ దానిమీదే చూస్తే చాలు: దీన్ని మళ్ళీ ఆడమని అడగవచ్చునా? ఈ రాత్రి మీ ఇంట్లో సీరియలు అయిపోయిన తరువాత ఈ ప్రశ్న అడిగి చూడండి. అత్తగారొకటి, కోడలొకటి, కాలేజీ కుర్రవాడొకటి చెబుతారు. ఎవరికి వారు కారణం కూడా చెప్పగలిగితే, విమర్శ మీ ఇంట్లోనే మొదలయిందన్నమాట.