కణము ఏ మొగముగా నిలిచినది?

మనుష్యుల నెత్తురు పరీక్షించి జబ్బు పసిగట్టుచున్నారు గదా, చెరువులోని వనామి రొయ్యకు అట్టి పరీక్ష లేదా అని రేపల్లె నుండి ఒక రైతు ప్రశ్నించినాడు. కలదు, దానిపేరు ఫ్లో సైటోమెట్రీ. అందలి యుక్తి నన్నెంతగా ఆకర్షించినదనగా, సమాధానమును క్లుప్తముగా ముగించుట నాకు శక్యము కాదు.

రొయ్య రక్తమున ఎఱ్ఱకణములు లేవు. ప్రాణవాయువును మోయునది రాగితో కూడిన హీమోసయానిన్. మనకున్నట్టి యాంటీబాడీలును దానికి లేవు గనుక రక్షణభారము ముఖ్యముగా హీమోసైట్లు అను కణముల మీదనే యున్నది. గుళికలు లేనివి, కొద్దిగా నున్నవి, నిండుగా నున్నవి అని ఇవి మూడు తెగలు. తెల్లమచ్చ వైరసు సోకినపుడు వీని సంఖ్య తఱచు పడిపోవును.

కణములున్న ద్రవమును సన్నని గొట్టము ద్వారా, వేగముగా ప్రవహించు మఱియొక ద్రవపు నడుమకు వదలుదురు. వెలుపలి ప్రవాహము నలువైపుల నుండి ఒత్తి లోపలిదానిని సన్నగా సాగదీయగా, పొలముగట్టుపై నడచు మనుష్యులవలె కణములు ఒకదాని వెనుక నొకటిగా, సెకనుకు వేలకొలదిగా, లేజరు కాంతిని దాటును. ముందునకు చెదరిన కాంతి కణపు పరిమాణమును, ప్రక్కకు చెదరిన కాంతి లోపలి గుళికల సమృద్ధిని తెలుపును. ప్రొపీడియం అయొడైడ్ అను రంగు పొర చినిగిన మృతకణములలోనికే చొరబడి ఎఱ్ఱగా వెలుగును.

ఇంత తేటయైన విద్యలోను పండితులు పొరబడిరి. వాలెస్ కూల్టర్ 1953లో పేటెంటు పొందిన యంత్రము, లేజరుతో గాక, రంధ్రము గుండ పోవు కణము విద్యుత్తును అడ్డగించిన మేరను బట్టి దాని పరిమాణమును కొలిచెడిది. దానితో మానవుల ఎఱ్ఱకణములను కొలువగా రెండు గుంపులు కనబడుటచే, నెత్తుట నిజముగనే రెండు పరిమాణముల కణములున్నవని కొందఱు నమ్మిరి. ఆ మాట తేల్చుటకై లాస్ అలమోస్ ప్రయోగశాలలో మ్యాక్ ఫుల్‌వైలర్, ప్రవాహమును బిందువులుగా విడగొట్టి, కోరిన కణమున్న బిందువునకు విద్యుదావేశమిచ్చి, ఆవేశిత ఫలకముల నడుమ దానిని ప్రక్కకు మళ్లించు యంత్రమును 1965లో ప్రకటించెను. అట్లు వేఱుచేసి చూడగా తేలినదేమనగా, ఆ భేదము కణములది కాదు, రంధ్రమున అవి నిలిచిన తీరుది! బల్లపరుపు కణము నిలువుగా పోయిన ఒక కొలత, అడ్డముగా పోయిన వేఱొక కొలత.

ఆ చిక్కే పశువీర్యమున మరల ఎదురైనది. తెనాలి వైపు పాడిరైతు కోరు పెయ్యదూడ ఎక్స్ క్రోమోజోము గల శుక్రకణము వలన పుట్టును, అందలి డి.ఎన్.ఏ. వై కణమున కంటె ఆబోతులలో సుమారు 3.8 శాతము మాత్రమే అధికము. డి.ఎన్.ఏ. కొలుచుటకై రంగు పట్టించిన శుక్రకణపు చదునైన శిరస్సు అంచువైపున మిక్కిలిగా వెలుగుటచే ఆ స్వల్పభేదము మఱుగుపడెడిది. గొట్టపు మొనను ఏటవాలుగా చెక్కగా శిరస్సులు ఒక్క దిక్కునకు తిరిగినవి. అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో లారెన్స్ జాన్సన్ బృందము ఇట్లు ఏరిన వీర్యముతో 1989లో కుందేలు పిల్లలను పుట్టించినది.

రొయ్య మాటకు వత్తును. వైరసు ఉనికిని పి.సి.ఆర్. పరీక్ష చెప్పును, దాని నెదుర్కొను సత్తువను ఫ్లో సైటోమెట్రీ చెప్పును. రొయ్య నెత్తురు తీసిన వెంటనే గడ్డకట్టును గనుక, గడ్డకట్టనీయని ద్రావణమును ముందుగా సిరంజిలో నింపుకొని చెరువుగట్టుననే నమూనా తీయవలెను. ఉప్పదనము, వేడిమి, రొయ్య కుబుసము విడుచు దశ మాఱినచో కణసంఖ్యయు మాఱును. కావున బాపట్ల, రేపల్లె తీరపు చెరువులలో ఆరోగ్యముగా నున్న రొయ్య లెక్క ఏ ఋతువున ఎంతయో మొదట వ్రాసి పెట్టుకొనవలెను. ఆ పట్టిక లేనిదే ఖరీదైన యంత్రమును తెచ్చినను, దాని అంకెలు మరల మనలను రెండు గుంపుల భ్రమలోనే పడవేయును.