తూకానికి అమ్మేయకండి!

పాతసామాను కొని వేలంపాటలో అమ్ముకునేవాడికి డబ్బుకన్న ముందు కన్నుండాలి. ఆమధ్య హైదరాబాదు నుంచి బీదరు దాకా కారులో ఊరూరా ఆగుతూ వెళ్లాను. జహీరాబాదు దగ్గర ఒక ముసలమ్మ నల్లటి పాన్‌దాను తెచ్చి, "తూకానికి ఎంతొస్తే అంత ఇయ్యి బిడ్డా" అన్నది. తుడిచి చూద్దును కదా, వెండి లతలు! తుత్తునాగం, రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, బీదరు కోటమట్టితో నలుపెక్కించిన బిద్రీ పని అది. సంగతి చెప్పేశాను. "అట్లయితే మనుమరాలికి ఇస్త" అని ఆవిడ లోపల దాచేసుకుంది! బేరం పోయింది గాని, ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మీ అటక మీదా ఇలాంటివి ఉండవచ్చు. 100 ఏళ్లు నిండిన కళావస్తువులు 1972 చట్టం ప్రకారం పురావస్తువులు. లైసెన్సు లేనిదే వాటితో వ్యాపారం కూడదు. దేశం దాటించనూ రాదు. పాతసామానులవాడు తక్కెడ తీసేలోపున, ఒక్కసారి గుడ్డతో తుడిచి చూడండి!