ఒక్కడే వాయించాడా? ‘ట్యూబ్యులర్ బెల్స్’ గురించి మీకు తెలుసా?

ప్రోగ్రెసివ్ రాక్ అనగానే నలుగురైదుగురు జులపాల కుర్రాళ్ళు, వాళ్ళ చుట్టూ గుట్టలుగా కీబోర్డులు, ఎంతకీ ముగియని పాట గుర్తొస్తాయి. 1973 మే 25న ఇంగ్లండులో విడుదలైన ‘ట్యూబ్యులర్ బెల్స్’లో ఎంతకీ ముగియని సంగీతం ఉంది, బృందం మాత్రం లేదు. పక్కకు ఒకటి చొప్పున రెండే ముక్కలు. రెండూ కలిపి దాదాపు 49 నిమిషాలు. వాయించింది మైక్ ఓల్డ్‌ఫీల్డ్. రికార్డు బజారుకొచ్చే నాటికి అతనికి ఇరవై నిండి పది రోజులు. ‘అంతా ఒక్కడే చేశాడు’ అన్న మాట ఆ రోజు నుంచీ ఈ ఆల్బమ్‌ను వదల్లేదు. ఆ మాటలో నిజమెంతో కింది సంగతులు చదివి మీరే తేల్చుకోండి.

● ఈ ఆల్బమ్‌కు తొలి స్టూడియో ఉత్తర లండన్‌లో టాటెన్‌హామ్ దగ్గర ఒక అద్దె గది. ఓల్డ్‌ఫీల్డ్ అంతకు ముందు కెవిన్ ఏయర్స్ బృందంలో బేస్ గిటార్ వాయించేవాడు. బృందం చెదిరిపోయాక ఏయర్స్ తన బ్యాంగ్ అండ్ ఓలఫ్‌సన్ టేప్ రికార్డర్‌ను ఈ కుర్రాడికి ఎరువిచ్చాడు. మామూలుగా టేప్ మీద కొత్తది రికార్డు చేస్తే పాతది చెరిగిపోతుంది. ఆ చెరిపే పని చేసేది లోపలుండే ఎరేజ్ హెడ్. దానికి అట్టముక్క అడ్డం పెడితే పాతది అలాగే ఉండి దాని మీద కొత్తది వచ్చి కూర్చుంటుందని ఓల్డ్‌ఫీల్డ్ కనిపెట్టాడు. గిటార్ మీద ఆర్గన్, ఆర్గన్ మీద బేస్, మళ్ళీ గిటార్. చెయ్యి జారితే వెనక్కి తీసుకునే వీలు లేదు, పొరలన్నీ కలిసి పాడైపోతాయి. పదహారు ట్రాకుల యంత్రం చేసే పనిని ఒక అట్టముక్కతో చేయించిన ఈ ఘట్టమే నాకు మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టం.

● అలా తయారైన నమూనా టేపు పట్టుకుని ఓల్డ్‌ఫీల్డ్ రికార్డు కంపెనీల చుట్టూ తిరిగాడు. గాత్రం లేదు, డ్రమ్స్ లేవు, ఇది ఎవరు కొంటారన్నారు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో షిప్టన్-ఆన్-చెర్వెల్ అనే పల్లెలో ఒక పాత బంగళాను రిచర్డ్ బ్రాన్సన్ అనే రికార్డు షాపుల యజమాని కొని, దాన్ని ‘ది మేనర్’ పేరుతో స్టూడియోగా మారుస్తున్నాడు. వేరే గాయకుడికి బేస్ వాయించడానికి అక్కడికి వెళ్ళిన ఓల్డ్‌ఫీల్డ్, తన టేపును అక్కడి ఇంజనీర్లు టామ్ న్యూమన్, సైమన్ హేవర్త్‌లకు వినిపించాడు. వాళ్ళు దాన్ని వదిలిపెట్టలేదు. బ్రాన్సన్ చెవిలో, అతని సహచరుడు సైమన్ డ్రేపర్ చెవిలో పోరుతూనే ఉన్నారు. చివరికి 1972 నవంబరులో ఓల్డ్‌ఫీల్డ్‌కు ఒక్క వారం స్టూడియో దొరికింది. మొదటి పక్క మొత్తం ఆ వారంలోనే పూర్తయింది. రెండో పక్కకు అలాంటి వారం దొరకలేదు. ఎవరూ బుక్ చేసుకోని వేళల్లో, మధ్య మధ్య ఖాళీల్లో, 1973 తొలి నెలల్లో సాగింది.

● ఆల్బమ్‌కు పేరు పెట్టిన గంటలు అసలు ఓల్డ్‌ఫీల్డ్ కోసం తెచ్చినవే కావు! వేలాడదీసిన పొడవాటి లోహపు గొట్టాలు, సుత్తితో కొడితే చర్చి గంటలా మోగుతాయి. అంతకు ముందు స్టూడియో వాడుకున్న సంగీతకారుడు జాన్ కేల్ సామాను బయటికి మోసుకెళ్తుంటే అందులో అవి కనిపించాయి. ‘వాటిని ఇక్కడే ఉంచెయ్యండి’ అని ఓల్డ్‌ఫీల్డ్ అడిగాడు. తీరా వాయించబోతే మామూలు సుత్తికి అతను కోరిన మోత రాలేదు. అసలైన పెద్ద సుత్తి పట్టుకుని బాదాడు. మోతా వచ్చింది, గంటా దెబ్బ తింది. అట్ట మీద సముద్రం పైన వంకర తిరిగి తేలుతున్న ఆ మెరిసే గొట్టం బొమ్మకు ఊతం ఆ దెబ్బతిన్న గంటే. బొమ్మ ట్రెవర్ కీ చేశాడు.

● మొదట్లో వచ్చే పియానో ముక్కకు మీరు తాళం వేయబోతే చెయ్యి తడబడుతుంది. పదహారు అక్షరాల వరుసలోంచి ఓల్డ్‌ఫీల్డ్ కావాలనే ఒకటి లాగేశాడు. పదిహేను మిగిలాయి. ఒకసారి ఏడు, ఒకసారి ఎనిమిది. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇది పెద్ద చిక్కు కాదు. ఒక ఆవర్తం మిశ్రచాపు, వెంటనే ఆదితాళం ఎనిమిది అక్షరాలు, మళ్ళీ మిశ్రచాపు అనుకుంటే చాలు. తకిట తకధిమి, తకధిమి తకజణు. రాక్ శ్రోతకు మాత్రం ప్రతిసారీ మెట్టు ఒకటి తగ్గినట్టుంటుంది. చిన్న స్వరాల వరుస అదే పనిగా తిరగడమన్న ఆలోచన అమెరికన్ స్వరకర్త టెర్రీ రైలీ ‘ఎ రెయిన్‌బో ఇన్ కర్వ్‌డ్ ఎయిర్’ విన్నాక వచ్చిందని ఓల్డ్‌ఫీల్డే చెప్పాడు.

● చాలామంది సింథసైజర్ అనుకునే శబ్దాలేవీ సింథసైజర్‌వి కావు. ఈ ఆల్బమ్‌లో అది లేనేలేదు. స్కాట్లండ్ బ్యాగ్‌పైపుల్లా ఊదుతున్నట్టు వినిపించేవి గిటార్లు. వాటి గొంతు మార్చింది ‘గ్లోర్‌ఫిండెల్’ అనే చేతి తయారీ చెక్కపెట్టె. పేరు టోల్కీన్ కథలోది, స్వభావం కూడా ఆ కథల్లోదే, ఒక రోజు పలికితే మరో రోజు పలికేది కాదు. మాండలిన్‌లా కీచుగా వచ్చే గిటార్‌కు రహస్యం ఇంకా తేలిక. టేపును సగం వేగంతో నడిపి వాయించడం, తర్వాత మామూలు వేగంతో వినడం. ఎలక్ట్రిక్ గిటార్ మొత్తం ఒకే ఒక్క టెలికాస్టర్. అది అంతకు ముందు ‘టి. రెక్స్’ బృందపు మార్క్ బోలన్‌ది. చాలా ఏళ్ళ తర్వాత ఓల్డ్‌ఫీల్డ్ దాన్ని అమ్మించి, మానసిక ఆరోగ్యం కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థకు డబ్బిచ్చాడు.

● మరి ‘ఒక్కడే’ సంగతి? అట్ట వెనుక వివరాలు చదివితే లెక్క కొంచెం మారుతుంది. ఫ్లూట్ జాన్ ఫీల్డ్, స్ట్రింగ్ బేస్ లిండ్సే కూపర్, గొంతులు మైక్ అక్క శాలీ ఓల్డ్‌ఫీల్డ్, మండీ ఎలిస్. మొత్తం ఆల్బమ్‌లో డ్రమ్స్ వినిపించేది ఒక్క చోటే, ఆ ఒక్క చోటా వాయించింది స్టీవ్ బ్రాటన్. మిగిలిన పియానోలు, ఆర్గన్లు, గిటార్లు, బేస్, మాండలిన్, గ్లాకెన్‌స్పీల్, టింపనీ, గంటలు ఓల్డ్‌ఫీల్డ్‌వే. అంటే అబద్ధం కాదు, ప్రచారానికి పనికొచ్చేంత గుండ్రంగా చేసిన నిజం. నా లెక్కలో న్యూమన్, హేవర్త్‌ల పేర్లు కూడా వాద్యకారుల పక్కనే వెయ్యాలి. ఒక మనిషి అన్ని పొరలు వాయించాలంటే ఆ పొరల్ని టేపు మీద నిలబెట్టే చేతులు మరో నాలుగు కావాలి.

● మొదటి పక్క చివర్లో ఒక గంభీరమైన గొంతు దర్బారు వందిమాగధుడిలా ఒక్కో వాద్యాన్ని పేరు పెట్టి పిలుస్తుంది, పిలిచిన వాద్యం వచ్చి అదే వరుసను వాయిస్తుంది. ఆ గొంతు వివియన్ స్టాన్‌షాల్‌ది. అతని హాస్య బృందం ‘బాంజో డాగ్’ మేనర్‌కు రికార్డింగ్ కోసం రావడంతో దొరికాడు. జాబితా కాగితం చేతికిచ్చి, ఎప్పుడు ఏది చదవాలో ఓల్డ్‌ఫీల్డ్ వేలితో చూపిస్తూ వచ్చాడు. చిట్టచివర గంటల పేరును స్టాన్‌షాల్ పలికిన దర్జాకు ముచ్చటపడే ఆల్బమ్‌కు ఆ పేరు ఖాయం చేశాడు.

● అంతవరకు దాని పేరు ‘ఓపస్ వన్’. బ్రాన్సన్ ఉబలాటపడిన పేరు ‘బ్రేక్‌ఫాస్ట్ ఇన్ బెడ్’, అట్ట మీద ఉడికించిన గుడ్డు బొమ్మతో. ఓల్డ్‌ఫీల్డ్ ఒప్పుకోకపోవడం మన అదృష్టం.

● రెండో పక్కలో ఆదిమానవుడు గర్జిస్తున్నట్టు ఒక భాగముంది. రేడియోలో వేయడానికి కాస్త గాత్రముంటే బాగుంటుందని బ్రాన్సన్ పట్టుబట్టాడట. ఓల్డ్‌ఫీల్డ్‌కు ఒళ్ళు మండింది. అర సీసా విస్కీ తాగి, మైకు ముందు నిలబడి, గొంతు పోయేదాకా అరిచాడు. టేపును ఎక్కువ వేగంతో నడిపి ఆ అరుపులు పట్టారు. మామూలు వేగంతో వింటే అవి భూమిలోంచి వచ్చినట్టు బరువుగా మారాయి. అట్ట మీద ఆ గాయకుడి పేరు ‘పిల్ట్‌డౌన్ మ్యాన్’ అని వేశారు. 1912లో ఇంగ్లండులో దొరికిందంటూ ప్రపంచాన్ని నమ్మించిన నకిలీ ఆదిమానవుడి పుర్రె పేరు అది. మనిషి పుర్రెకు ఒరాంగుటాన్ దవడ అతికించారని బయటపడింది 1953లో, అంటే మైక్ ఓల్డ్‌ఫీల్డ్ పుట్టిన ఏడాదే.

● ఇదే పక్క ముగిసేది బ్రిటిష్ నావికుల పాత నాట్యపు వరుసతో. వేగం పెరుగుతూ పెరుగుతూ చివరికి ఊపిరి అందదు. మొదట రికార్డు చేసిన రూపంలో తప్పతాగిన స్టాన్‌షాల్ బంగళా గదులన్నీ చూపిస్తూ వ్యాఖ్యానం చెప్పుకుపోతుంటాడు. ధైర్యం చాలక పక్కన పెట్టారు. 1976లో వచ్చిన ‘బాక్స్‌డ్’ సెట్‌లో దానికి మోక్షం దొరికింది.

● అట్ట వెనుక ఒక హెచ్చరిక కూడా ఉంది. ఈ స్టీరియో రికార్డును డొక్కు డబ్బాల మీద వేయవద్దని, అలాంటిది మీ దగ్గరుంటే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలని!

● 1973 జూన్ 25న లండన్ క్వీన్ ఎలిజబెత్ హాల్లో దీన్ని వేదికెక్కించాలి. ఒక్కడు చేసిన సంగీతానికి అక్కడ ఒక దండే కావలసి వచ్చింది. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు మిక్ టేలర్, స్టీవ్ హిలేజ్, కెవిన్ ఏయర్స్, డేవిడ్ బెడ్‌ఫర్డ్ అందరూ వచ్చారు. రానన్నది ఓల్డ్‌ఫీల్డ్ మాత్రమే. జనం ముందుకు రావాలంటే అతనికి నిజంగా ప్రాణం మీదికి వచ్చేది. చిన్నతనం నుంచీ ఇంట్లో తల్లి అనారోగ్యం, తనలో తరచూ వచ్చే భయాందోళనలు, వీటి నుంచి దాక్కోవడానికే గదిలో ఒంటరిగా వాయిద్యాలు పట్టుకున్నాడు. ఒక్కడే అన్నీ వాయించడం ఘనత కోసమే కాదు, నలుగురితో మాట్లాడే పని తప్పించుకోవడానికి కూడా. బ్రాన్సన్ అతన్ని తన పాత బెంట్లీ కారులో ఊరంతా తిప్పి, వాయిస్తే ఈ కారు నీదేనన్నాడు. వాయించాడు, కారు తీసుకున్నాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టినా, అంతా చెడిపోయిందనే అనుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

● బీబీసీ రేడియోలో జాన్ పీల్ రికార్డును వినిపించడం ఇంగ్లండులో తలుపు తెరిచింది. అమెరికాలో తలుపు తెరిచింది దయ్యం. దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ తన ‘ది ఎక్సార్సిస్ట్’ కోసం లాలో షిఫ్రిన్ చేసిన సంగీతాన్ని వద్దని, ఈ పియానో ముక్కను వాడుకున్నాడు. 1973 డిసెంబరు 26న సినిమా వచ్చింది. అందులో ఇది వినిపించేది కాసేపే, అయినా ఆ పదిహేను అక్షరాలు అప్పటి నుంచీ భయానికి గుర్తయిపోయాయి. విడిగా వింటే అందులో భయమేమీ లేదు, ఆలోచనలో పడ్డ పిల్లవాడి ఆటలా ఉంటుంది. ఓల్డ్‌ఫీల్డ్‌ను అడగకుండానే ముక్క కోసి అమెరికాలో సింగిల్‌గా అమ్మారు. 1974లో అది అక్కడ 7వ స్థానానికి ఎక్కింది. మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది.

● బ్రిటన్ జాబితాలో ఈ ఆల్బమ్ మొదటి స్థానం అందుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది. 1974 అక్టోబరులో అది పైకెక్కినప్పుడు కిందికి దిగిన ఆల్బమ్ ‘హెర్జెస్ట్ రిడ్జ్’. అదీ ఓల్డ్‌ఫీల్డ్‌దే, రెండోది. తనను తానే గద్దె దించిన కళాకారులు బహు తక్కువ.

● వర్జిన్ పేరుతో విమానాలు, రైళ్ళు, అంతరిక్ష యాత్రల కంపెనీ, ఏది తలచుకున్నా దాని కింద ఈ రికార్డు ఉంది. బ్రాన్సన్ కంపెనీ వర్జిన్ రికార్డ్స్ వరసలో ఇదే తొలి ఎల్పీ, నంబరు వి2001. ఒక విమానానికి ‘ట్యూబ్యులర్ బెల్’ అని పేరు పెట్టుకుని బ్రాన్సన్ ఆ రుణం ఒప్పుకున్నాడు కూడా.

● ఓల్డ్‌ఫీల్డ్‌కు ఈ గంటల నుంచి విడుదల దొరకలేదు. 1975లో ఆర్కెస్ట్రా రూపం, 1992లో రెండో భాగం, 1998లో మూడోది. ముప్పై ఏళ్ళ సందర్భంగా 2003లో మొదటిదాన్నే మళ్ళీ మొదటి నుంచి వాయించి రికార్డు చేశాడు. స్టాన్‌షాల్ 1995లో పోవడంతో వాద్యాల పేర్లు హాస్యనటుడు జాన్ క్లీజ్ చదివాడు. కొత్తదానిలో ప్రతి స్వరం శుభ్రంగా ఉంది, అందుకే నాకు పాతదే కావాలనిపిస్తుంది. పాతదానిలో రెండో పక్క అక్కడక్కడా దారి తప్పి తిరుగుతుందని ఒప్పుకుంటూనే ఈ మాట అంటున్నాను.

● 2010లో బ్రిటిష్ తపాలా శాఖ ఎంపిక చేసిన పది ఆల్బమ్ అట్టల బిళ్ళల్లో ఇదొకటి. 2012 లండన్ ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో ఓల్డ్‌ఫీల్డ్ స్వయంగా వచ్చి వాయించాడు. ఒకప్పుడు కారు ఆశ చూపితే గానీ వేదికెక్కని మనిషి.

● ఆ కారు ఇచ్చిన బ్రాన్సన్‌తోనే తర్వాత చెడింది. ఒప్పందం మీద, తన రికార్డుల్ని అమ్మే తీరు మీద ఓల్డ్‌ఫీల్డ్‌కు కోపం పెరుగుతూ వచ్చింది. 1990లో ‘అమరాక్’ తెచ్చాడు. మొత్తం అరవై నిమిషాలు ఒకే ముక్క, సింగిల్‌గా కోసుకోవడానికి ఎక్కడా సందు లేదు. నలభై ఎనిమిదో నిమిషం ప్రాంతంలో టిక్కు టిక్కుమంటూ ఒక శబ్దం వస్తుంది. అది మోర్స్ సంకేతాల్లో ఒక పచ్చి బూతు, చివర ‘ఆర్.బి.’ అనే రెండు పొడి అక్షరాలు. కంపెనీ దాన్ని గమనించకుండానే అచ్చేసి అమ్మింది.