ఖనిజాన్వేషణలో నిర్మాణ భూవిజ్ఞానం

నిర్మాణ భూవిజ్ఞానం అనునది భూవిజ్ఞానశాస్త్రంలో ఒక శాఖ. భూపటలంలోని శిలలు ఒత్తిళ్ళకు లోనై ఏ విధంగా వంగినవి, విరిగినవి, ఎటు జరిగినవి అను విషయాలను ఇది వివరిస్తుంది. ముడుతలు, భ్రంశాలు, సంధులు దీని ముఖ్య పఠనాంశాలు.

అన్వేషణలో

భూగర్భంలోని వేడి ద్రావణాలు పగుళ్ళ వెంట ప్రవహించి, అనువైన చోట ఖనిజాలను విడిచిపెడతాయి. కనుక పగులు జాడ తెలిసిన చోట అన్వేషణ సగం పూర్తయినట్లే. కర్ణాటకలోని కోలారులో బంగారం ఇట్టి క్వార్ట్జ్ సిరలలోనే లభించింది.

బొగ్గు విషయం వేరు. గోదావరి లోయ, భ్రంశాల నడుమ నేల క్రుంగుటచే ఏర్పడిన పగులులోయ. పెర్మియన్ కాలపు బొగ్గు పొరలు అందులో దిగబడినందుననే కోతకు గురికాకుండా మిగిలాయి. 1871లో విలియం కింగ్ ఇల్లందు సమీపాన బొగ్గును కనుగొన్నాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. ప్రాణహిత-గోదావరి లోయలో ఈ నిక్షేపాలు సుమారు 350 కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉన్నాయి.

తవ్వకంలో

బొగ్గును కాపాడిన భ్రంశాలే గనిలో ఆటంకాలు. తవ్వుతూ పోగా సీమ్ హఠాత్తుగా అంతమై ఎదుట రాయి తగులుతుంది. మిగిలిన బొగ్గు పైనున్నదా, క్రిందనున్నదా అనునది అప్పటి ప్రశ్న. పొరబడితే శ్రమ, ధనం రెండూ వృథా. సాధారణ భ్రంశంలో వాలుతలానికి పైనున్న భాగం క్రిందికి జారుతుంది. అందుచే భ్రంశతలం ముందుగా పైకప్పులో కనిపించి, ముందుకు పోయే కొద్దీ నేల వైపు దిగుతున్నచో అవతలి సీమ్ దిగువన ఉంటుంది. ముందుగా నేల వద్ద కనిపించి, ముందుకు పోయే కొద్దీ పైకి లేస్తున్నచో ఎగువన వెదకవలెను. విలోమ భ్రంశమైతే ఈ సూత్రం తారుమారవుతుంది. కావున తలంపై గల ఒరిపిడి గీతలను, ప్రక్కనున్న పొరలు వంగిన తీరును కూడా పరిశీలిస్తారు.

భ్రంశాల వెంట శిల నలిగి ఉండుటచే పైకప్పు కూలే ప్రమాదం, నీరు ఊరే ప్రమాదం ఎక్కువ. 3 కిలోమీటర్లకు పైగా లోతుకు చేరిన కోలారు గనులలో, 2001లో అవి మూతపడే వరకు, ఒత్తిడికి శిలలు ఒక్కసారిగా పేలిపోవడం పెద్ద బెడదగా ఉండేది. ఓపెన్‌కాస్ట్ గనులలో పొరలు గుంత వైపు వాలి ఉన్నచో గట్టు జారిపడవచ్చును. అందుకే అట్టి వైపున గట్టు వాలును తగ్గించి తవ్వుతారు.